కేబుల్ నాణ్యత: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

నేడు గ్రామ పంచాయతీ కార్యాలయమున అడుగుపెట్టినచో మొదట కంటబడునవి తీగలు. కంప్యూటరు వెనుక కొన్ని, గోడ వెంబడి కొన్ని, కిటికీ గుండ వెలుపలి స్తంభమునకు పోవునవి కొన్ని. గ్రామసభ మైకునకు ఒక తీగ, కూడలిలోని కెమెరాలకు ఒక తీగ, ఇంటర్నెట్టునకు ఒక తీగ. వీనికి పంచాయతీ నిధులనుండి సొమ్ము చెల్లింపవలసి వచ్చినపుడు సభ్యులకు సందేహము కలుగుట సహజము. దుకాణదారుడు రెండు చుట్టలు ముందుంచును. ఒకటి చౌక. రెండవదాని వెల దానికి మూడు నాలుగు రెట్లు. “ఇది డిజిటల్ కాలము, ఏ తీగయైనను ఒకటే” అని ఒకరందురు. “బంగారు పూత గల తీగ కొన్ననే బొమ్మ స్పష్టముగా వచ్చును” అని మరియొకరందురు. ఈ రెండు మాటలలో దేనిని నమ్మినను పంచాయతీ సొమ్మునకు నష్టమే. ఏల నష్టమో ఈ వ్యాసమున వివరింప దలచినాము.

ఒక గ్రామము అనుభవము

మేము చూచిన ఒక ఉదాహరణముతో ప్రారంభింతుము. ఒక గ్రామమున పంచాయతీవారు ప్రధాన కూడలిలో నాలుగు కెమెరాలు పెట్టించిరి. కార్యాలయమునుండి కూడలికి సుమారు 90 మీటర్లు. కెమెరాలకు వేరుగా విద్యుత్తు అందించు పని లేకుండ, చిత్రమును కొనివచ్చు తీగలోనే విద్యుత్తును కూడ పంపు ఏర్పాటు చేసిరి. పగటివేళ అన్నియు చక్కగా పని చేసినవి. బొమ్మ అద్దములో చూచినట్లుండెను. చీకటి పడగానే కెమెరాలు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయి, మరల తమంతట తామే మొదలై, మరల ఆగిపోవుచుండెను. దొంగతనములు జరుగునది రాత్రివేళ. కెమెరాలు పని చేయనిదియు రాత్రివేళయే.

అమర్చినవారు వచ్చి చూచి, కెమెరాలు చెడిపోయినవి, క్రొత్తవి కొనవలెననిరి. తీర్మానము కూడ వ్రాయబడెను. అంతలో ఒక సభ్యుడు, “పగలు పని చేయునది రాత్రి ఏల పని చేయదు?” అని ప్రశ్నించెను. ఆ ఒక్క ప్రశ్నయే పంచాయతీ సొమ్మును కాపాడినది. తెలిసినవారిని పిలిచి చూపగా, తీగలోని లోహము రాగి కాదని, పైకి మాత్రము రాగి పూత గల సన్నని అల్యూమినియమని తేలినది. పైగా మధ్యలో ఒకచోట తీగను కోసి, చేతితో మెలిపెట్టి అతికియుండిరి. పూర్తి రాగి తీగను అతుకు లేకుండ మరల లాగించిరి. పాత కెమెరాలే నాటినుండి రాత్రింబవళ్లు పని చేయుచున్నవి.

చిత్రము డిజిటలే. అయినను తీగ దానిని చెడగొట్టెను. ఇది ఎట్లు జరిగినదో తెలియుటకు ముందు అనలాగ్ అననేమి, డిజిటల్ అననేమి అను విషయము తెలిసికొనవలెను.

రెండు విధములైన సంకేతములు

మనము మైకు ముందు మాటలాడునపుడు కంఠస్వరము హెచ్చుతగ్గులను అనుసరించి తీగలోని విద్యుత్తు కూడ అట్లే హెచ్చుచు తగ్గుచుండును. స్వరమెంత హెచ్చినదో విద్యుత్తును అంతే హెచ్చవలెను. ఇది అనలాగ్ సంకేతము. ఇందు ప్రతి చిన్న మార్పునకును అర్థమున్నది. కావున త్రోవలో తీగ కొంత శక్తిని మ్రింగినను, ప్రక్కనున్న కరెంటు తీగనుండి కొంత హోరు వచ్చి చేరినను, అదియు స్వరములో భాగమై వినబడును. ఏది మాటయో, ఏది హోరో విడదీయుటకు ఆవలి యంత్రమునకు వీలు లేదు.

డిజిటల్ సంకేతము పద్ధతి వేరు. ముందుగా స్వరమునైనను చిత్రమునైనను అంకెలుగా మార్తురు. ఆ అంకెలను సున్న, ఒకటి అను రెండే గుర్తులతో వ్రాసి తీగలో పంపుదురు. ఆవలి యంత్రము తెలిసికొనవలసినది ఒక్కటే: వచ్చినది సున్నయా, ఒకటియా? కొండమీద దీపము వెలుగుచున్నదా లేదా అని క్రిందినుండి చూచుట వంటిదిది. దీపము కొంత మసకగా నున్నను వెలుగుచున్నదనియే చెప్పుదుము. సమాచారము చెడదు. కాని మంచు దట్టమై దీపము అసలు కానరానినాడు చెప్పుటకేమియు నుండదు.

డిజిటల్ పద్ధతిలో మరియొక మేలు కలదు. దూరము పోవుకొలది బలహీనపడిన అనలాగ్ సంకేతమును మధ్యలో యంత్రముతో బలపరచినచో, దానితోపాటు హోరును కూడ బలపరచినట్లగును. డిజిటల్ సంకేతమునట్లు బలపరుపరు. మధ్య యంత్రము సున్నను సున్నగా, ఒకటిని ఒకటిగా గుర్తించి, మరల క్రొత్తగా వ్రాసి పంపును. అంతవరకు చేరిన హోరు అక్కడనే ఆగిపోవును. సరిగా నడచుచున్నంతకాలము వేయి మైళ్లు దాటి వచ్చిన చిత్రమును ప్రక్క గదిలోని చిత్రమును ఒక్క తీరుననే యుండును.

తంతి చెప్పిన పాఠము

ఈ భేదము మన పెద్దలకు క్రొత్త కాదు. ట్రంకు కాలు మాటలాడిన కాలము చాలమందికి జ్ఞాపకముండును. దూరపు ఊరినుండి వచ్చు మాట బుసబుస ధ్వనులలో మునిగిపోవుచుండగా, గొంతెత్తి అరచినగాని ఆవలివారికి వినబడెడిది కాదు. తంతి కార్యాలయమున మాత్రము చుక్క, గీత అను రెండు గుర్తులతో వార్త చేరుచుండెను. ధ్వనిలో కొంత హోరున్నను చుక్క చుక్కగానే, గీత గీతగానే తెలియుచుండెను. టెలిఫోను అనలాగ్ వంటిది, తంతి డిజిటల్ వంటిది. మన దేశమున 1850వ దశాబ్దిలో మొదలైన తంతి సేవ 2013 జూలైలో ముగిసినది.

అట్లయినచో తంతికి ఏ తీగయైనను చాలునా? చాలదని చరిత్ర చెప్పుచున్నది. 1858లో ఐరోపా, అమెరికా ఖండముల నడుమ సముద్రగర్భమున తొలి తంతి కేబులును వేసిరి. బ్రిటిషు రాణి విక్టోరియా పంపిన 98 పదముల సందేశము ఆవలి ఒడ్డు చేరుటకు సుమారు 16 గంటలు పట్టినది. అందలి రాగి సన్నము, పై తొడుగు చాలినంతగా లేదు. గుర్తులు ఒకదానిలో నొకటి కలిసిపోవుచుండెను. సంకేతమును బలపరుతమని ఎక్కువ వోల్టేజి ప్రయోగింపగా, కొలది వారములలోనే కేబులు మూగవోయినది. 1866లో వేసిన కేబులులో మైలునకు వాడిన రాగి మునుపటికంటె దాదాపు మూడు రెట్లు. విలియం థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు రాగి స్వచ్ఛతను గూర్చి పట్టుపట్టెను. ఆ కేబులులో నిమిషమునకు సుమారు ఎనిమిది పదములు పోయినవి.

రెండింటిలోను పంపినవి అవే చుక్కలు, అవే గీతలు. మారినది తీగ. డిజిటల్ సంకేతము చిన్న లోపములను ఓర్చుకొనునే గాని, ఓర్పునకొక హద్దు కలదు. ఎంత వేగముగా పంప దలచితిమో ఆ హద్దు అంత దగ్గరకు వచ్చును. నేడు మన కార్యాలయపు తీగలో సెకనునకు 100 కోట్ల గుర్తులు పోవచ్చును. కావున పాత కాలపు తంతికి చాలిన తీగ దీనికి చాలునని తలచుట పొరపాటు.

నిండుగా, లేక శూన్యముగా

అనలాగ్ తీగ చెడుట మెల్లమెల్లగా జరుగును. పాత టెలివిజనులో మొదట కొన్ని చుక్కలు పడెడివి, పిదప ఇసుక చల్లినట్లయ్యెడిది, కడకు బొమ్మ నీడవలె మిగిలెడిది. చూచువారికి ముందుగానే హెచ్చరిక యుండెను. డిజిటల్ పద్ధతిలో అట్టి హెచ్చరిక మిక్కిలి తక్కువ. బొమ్మ చివరివరకు నిండుగా నుండి, హద్దు చేరగానే గళ్లు గళ్లుగా విరిగి, నిలిచిపోవును. గట్టున నడుచువాడు గట్టు అంచున కాలుజారినట్లుండును.

మన దేశమున కేబుల్ టెలివిజను డిజిటల్ పద్ధతికి మారినపుడు అనేక గ్రామములవారు దీనిని కన్నులార చూచిరి. 2011లో చట్టమును సవరించి, 2012 అక్టోబరు 31న మహానగరములతో ఈ మార్పు మొదలు పెట్టిరి. హైదరాబాదు, విశాఖపట్టణము మున్నగు నగరములకు 2013 మార్చి 31 గడువు. గ్రామములకు చివరగా నిర్ణయించిన గడువు 2017 మార్చి 31. మునుపు మసకగానైనను వచ్చుచుండిన చానలు పెట్టె పెట్టిన తరువాత అసలు రాలేదని కొందరు పెట్టెను నిందించిరి. అట్టిచోట్ల అనేకముగా లోపము ఇంటిలోని పాత తీగది, తుప్పుపట్టిన అతుకుది.

ఇంటర్నెట్టు తీగ విషయమున ఇంకొక చిక్కు గలదు. అందు పంపు ప్రతి కట్టయు సరిగా చేరినదా అని యంత్రములు సరిచూచుకొనును. చెడినదానిని మరల పంపును. తీగ బాగులేనిచో వేగమును తామే తగ్గించుకొనును కూడ. అందువలన బొమ్మ మసకబారదు, అక్షరములు తప్పుపోవు. పని మాత్రము మందగించును. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈగ్రామస్వరాజ్ లో చెల్లింపు నమోదు చేయునపుడు తెర తిరుగుచునే యుండినచో, “సర్వరు నెమ్మది” అని అందరును అనుకొందురు. ఒక్కొక్కచో ఆ ఆలస్యము ఢిల్లీలో లేదు, మన బల్ల క్రింద కుర్చీ చక్రము నలిపిన తీగలో నున్నది.

ఏ తీగకు ఎంత శ్రద్ధ

ఇక ఒక్కొక్క తీగను విడివిడిగా చూతము.

మైకు తీగ అనలాగ్. ఇందు నాణ్యతకు సొమ్ము వెచ్చించుట వ్యర్థము కాదు. మైకునుండి వచ్చు విద్యుత్తు వోల్టులో వేయింట కొన్ని వంతులు మాత్రమే. ప్రక్కనున్న కరెంటు తీగలోని 50 ఆవృత్తుల విద్యుత్తు దీనిలో చొరబడి ‘గుమ్’ అను హోరును పుట్టించును. కావున లోపలి తీగల చుట్టును లోహపు జాలి గల మంచి మైకు తీగనే కొనవలెను. కరెంటు తీగ వెంబడి దానిని పరువరాదు. దాటవలసి వచ్చినచో అడ్డముగా దాటింపవలెను. గ్రామసభలో వెనుక కూర్చున్న వృద్ధురాలికి లెక్కలు వినబడకపోయినచో, ఆ సభ జరిగియు జరగనట్లే.

లౌడ్‌స్పీకరు తీగయు అనలాగే. ఇందు చూడవలసినది లావు. దూరమెక్కువైన కొలది లావైన రాగి కావలెను. బంగారు పూతతో పని లేదు.

టెలివిజను యాంటెన్నానుండి వచ్చు గుండ్రని కేబులు డిజిటల్ సంకేతమునే తెచ్చును. అయినను ఉన్నత పౌనఃపున్యములవద్ద సాధారణపు ఆర్‌జి-6 కేబులులో 100 మీటర్లు పోవునప్పటికి శక్తి సుమారు నూరవ వంతునకు పడిపోవును. కావున దగ్గరి త్రోవన లాగించుటయు, కొనలయందు నీరు చొరకుండ చూచుటయు ముఖ్యము. వానకాలమున మాత్రము బొమ్మ పోవుచుండినచో ముందు చూడవలసినది వెలుపలి అతుకును.

టెలివిజనునకు పెట్టెను కలుపు హెచ్‌డిఎంఐ తీగ పొట్టిది. రెండు మూడు మీటర్ల దూరమునకు ప్రమాణమునకు తగిన సాధారణపు తీగయు, పది రెట్లు వెల గల తీగయు ఒకే బొమ్మను చూపును. రంగు మెరుగుపడుననుట వట్టిమాట. సున్నను మరింత మంచి సున్నగా చేయగల తీగ ఏదియు లేదు. బంగారు పూత తుప్పును ఆపును గాని చిత్రమును మార్చదు. దూరము పది మీటర్లు దాటినపుడు మాత్రము ఆ దూరమునకు తయారైన తీగను అడిగి కొనవలెను.

కంప్యూటర్లకును కెమెరాలకును వాడు నెట్‌వర్కు కేబులు విషయముననే పంచాయతీలు ఎక్కువగా మోసపోవుచున్నవి. క్యాట్-5ఇ, క్యాట్-6 అను తరగతుల తీగకు ప్రమాణము నిర్ణయించిన గరిష్ఠ దూరము 100 మీటర్లు. అది కూడ లోపల పూర్తి రాగియున్ననే. రాగితో పోల్చినచో అల్యూమినియము విద్యుత్తును పోనిచ్చు శక్తి వందకు 61 పాళ్లు మాత్రమే. సంకేతమొక్కటే పోవు చిన్న దూరములో ఈ లోపము బయటపడకపోవచ్చును. విద్యుత్తు కూడ అందే పోవునపుడు బయటపడును. సాధారణ పద్ధతిలో ఈ తీగగుండ పంపు విద్యుత్తు 15.4 వాట్లు, 100 మీటర్ల ఆవల కెమెరాకు దక్కునది 12.95 వాట్లు. మంచి రాగిలోనే ఇంత తరుగుండగా, సన్నని అల్యూమినియములో మరింత పోవును, తీగయు వేడెక్కును. మేము చెప్పిన గ్రామమున కెమెరాలు రాత్రివేళనే ఆగుటకు కారణమిదియే. చీకటిలో చూచుటకై కెమెరాలోని కంటికి కనబడని దీపములు వెలుగును. అప్పుడు విద్యుత్తు ఎక్కువ కావలెను. అతుకు, అల్యూమినియము కలిసి దానిని అందనీయలేదు.

గాజు తీగ, పార దెబ్బ

గ్రామమునకు ఇంటర్నెట్టును తెచ్చు ఆప్టికల్ ఫైబరులో లోహము లేదు, విద్యుత్తు లేదు. తలవెంట్రుకవంటి గాజు పోగులో వెలుగు పోవును. 1966లో చార్లెస్ కావ్ అను శాస్త్రజ్ఞుడు గాజును తగినంత శుద్ధి చేసినచో వెలుగుతో వార్తలు పంపవచ్చునని నిరూపించెను. ఒక కిలోమీటరు పోయిన తరువాత వెలుగులో వందకు ఒక పాలు మిగిలినను చాలునని నాటి లక్ష్యము. నేటి మంచి ఫైబరులో కిలోమీటరు తరువాత వందకు సుమారు 95 పాళ్లు మిగులుచున్నది. కావ్‌నకు 2009లో నోబెల్ బహుమానము లభించినది.

గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించినది. దానినే తరువాత భారత్‌నెట్ అనిరి. ఈ తీగను కొనునది పంచాయతీ కాకపోవచ్చును. కాపాడవలసినది మాత్రము పంచాయతీయే. ఫైబరును గట్టిగా వంచినచో వంపువద్ద వెలుగు బయటికి పోవును. కార్యాలయములో పెట్టె వెనుక దానిని మేకునకు చుట్టి బిగించుట, తలుపు సందున నలుపుట చేయరాదు. కొనలలో దుమ్ము చేరినను వెలుగు తగ్గును.

కాలువ పూడిక తీయించుటకు, నీటి గొట్టములు వేయించుటకు మనమే తెప్పించిన త్రవ్వు యంత్రము ఒక్క దెబ్బతో ఈ పోగును తెంపగలదు. ఆనాడు కార్యాలయపు పనియే కాదు, అదే తీగపై ఆధారపడిన బడి, ఆసుపత్రి, ఇతర సేవలును ఆగును. త్రవ్వకమునకు ముందు భూగర్భ తీగల యజమానులకు తెలియజేయుటకై 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అను మొబైలు యాప్ ప్రారంభమైనది. పని అప్పగించునపుడే గుత్తేదారు ఈ సమాచారము ఇచ్చినాడా అని అడుగుట సభ్యుల విధి.

కొనుగోలునకు ముందు, చెల్లింపునకు ముందు

పైన చెప్పినదాని సారాంశమును ఆచరణలో పెట్టుటకు సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెనని కోరుచున్నాము.

మొదటిది: కొనుగోలు పత్రములో “మంచి రకము తీగ” అని వ్రాసి ఊరకుండరాదు. నెట్‌వర్కు తీగకు “క్యాట్-6, పూర్తి రాగి” అని స్పష్టముగా వ్రాయింపవలెను. తొడుగుపై ‘సిసిఎ’ అని అచ్చుపడియున్నచో అది రాగి పూత గల అల్యూమినియము.

రెండవది: సరకు వచ్చినపుడు అంగుళము తీగను కోయించి, లోహమును చాకుతో గీకి చూడవలెను. లోపలకూడ ఎఱ్ఱగా నున్నది రాగి. గీకగానే తెల్లబడినచో త్రిప్పి పంపవలెను. దీనికి పరికరములు, చదువు అక్కరలేదు.

మూడవది: దూరమును పోయించు త్రోవ వెంబడి కొలిపింపవలెను. గోడలెక్కి దిగు తీగ పొడవు మన కాలినడక కొలతకంటె ఎక్కువ. 100 మీటర్లు దాటినచో మధ్యలో స్విచ్చునైనను, ఫైబరునైనను వాడవలెను.

నాల్గవది: మధ్యలో మెలిపెట్టిన అతుకులను అంగీకరింపరాదు. ఎండలో పోవు తీగకు వెలుపలి వాడుకకు తగిన తొడుగుండవలెను.

అయిదవది: పని ముగిసిన వెంటనే బిల్లును ఆమోదింపక, తీగను పరీక్షించు యంత్రముతో చూపింపవలెను. కెమెరాలనైతే ఒక రాత్రి గడిచిన తరువాత చూడవలెను. పగటి పరీక్ష పగటికే చాలును.

ఆరవది: ఏదైన పని చేయనపుడు యంత్రమును మార్చుటకు ముందు మంచిదని తెలిసిన ఒక పొట్టి తీగతో యంత్రమును దగ్గరనుంచి కలిపి చూడవలెను. అప్పుడు పని చేసినచో లోపము తీగది.

అనలాగ్ తీగ చెడినపుడు చెవికిని కంటికిని తానే తెలియజేసెడిది. డిజిటల్ తీగ హద్దువరకు మౌనముగా నుండును. కావున ఆ మౌనమును నమ్మి కూర్చుండక, కొనునాడే ప్రశ్నించుట మేలు. ఎక్కువ వెల పెట్టనక్కరలేదు. ప్రమాణమునకు ఒక మెట్టు క్రిందికి మాత్రము దిగరాదు. “పగలు పని చేయునది రాత్రి ఏల పని చేయదు?” అని అడిగిన ఆ సభ్యుడు విద్యుత్ శాస్త్రము చదివినవాడు కాడు. ప్రజల సొమ్మునకు తాను జవాబు చెప్పవలసినవాడనని ఎరిగినవాడు. అట్టి ప్రశ్నలు ప్రతి పంచాయతీలోను వినబడవలెనని మా ఆకాంక్ష.